కామిక్‌ని మార్చి తీస్తే ఇన్విన్సిబుల్‌కి కుదిరింది, వాకింగ్ డెడ్‌కి ఎందుకు బెడిసికొట్టింది?

కావలి కామిక్స్:
ముందే చెప్తున్నా, కథంతా బయటపెట్టేస్తాను, చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి.

రెండూ రాబర్ట్ కిర్క్‌మన్ కామిక్సే, రెండూ 2003లో మొదలైనవే. రెండూ చదివాను, సిరీస్‌లూ చూశాను. మద్రాసు పోయినప్పుడల్లా పినాకిని దిగి నేరుగా సెంట్రల్ పక్కనున్న మూర్ మార్కెట్‌కి పోయి, పాత పుస్తకాల అంగళ్లలో వెతికి తెచ్చుకున్నవి, అందుకే నాకు వీటి మీద పట్టింపు ఎక్కువ.

వాకింగ్ డెడ్ అంటే లేచి నడిచే శవాల మధ్య బతికే మనుషుల కథ. ఆ సిరీస్ ఎనిమిదో సీజన్‌లో హీరో రిక్ కొడుకు కార్ల్‌ని చంపేశారు. నాకు అక్కడే మనసు విరిగిపోయింది. కామిక్ 2019లో 193వ సంచికతో, ముందు ఒక్క మాటైనా చెప్పకుండా ముగిసింది. అందులో కార్ల్ పెద్దవాడై, పెళ్లయి, కూతురికి వాళ్ల తాత కథ చదివి వినిపిస్తుంటాడు. అప్పటి పిలకాయలకి నడిచే శవమంటే ఊరూరా తిప్పి చూపించే వింత, అంతే. రిక్ అన్నేళ్లు అంత రక్తం చిందించింది ఆ రోజు కోసమే కదా! ఆ పిల్లాణ్ణే తీసేస్తే ఇంక ఎవరి కోసం చూడాలి?

అట్లని మార్చడమే తప్పు అనను. ఇన్విన్సిబుల్ సూపర్ హీరో కుర్రాడు మార్క్ కథ. అందులో వాళ్ల నాన్న నోలన్, గార్డియన్స్ అనే సూపర్ హీరోల జట్టుని చంపేది కామిక్‌లో ఏడో సంచికలో, సిరీస్‌లో మొదటి ఎపిసోడ్ చివర్లోనే చూపించేశారు. నాకు కామిక్ కంటే అదే నచ్చింది. మా ఫ్రెండ్స్ మాత్రం "ఉన్నది ఉన్నట్టు తీయలేదు" అని రెండింటినీ ఒకే గాటన కడుతున్నారు. మీరేమంటారు?

గుంటకాడ నైట్‌డ్యూటీ:
తమ్ముడూ, రొయ్యల గుంట దగ్గర రాత్రి కాపలా నాది, ఏరేటర్లు తిరుగుతుంటే ఫోన్లో చూసేది ఇవే, కాబట్టి ఇన్విన్సిబుల్ సంగతి నేను చెప్తా. ఏడో సంచికలో ఆ హత్య చదివితే ఒక్కసారి గుండె ఝల్లుమంటుంది, అంతటితో సరి. మొదటి ఎపిసోడ్‌లోనే చూపించేసరికి, ఆ తర్వాత నోలన్ కొడుకు పక్కన కూర్చుని అన్నం తిన్న ప్రతిసారీ మనకి టెన్షనే. మనకి తెలుసు, మార్క్‌కి తెలీదు. మార్క్ వాళ్లమ్మ డెబీ అయితే కామిక్‌లో కంటే ఎంత గట్టి మనిషి అయిందో చూడు. రక్తం అంటిన నోలన్ డ్రెస్ దొరికితే ఏడుస్తూ కూర్చోకుండా, దాన్ని తీసుకుని ఆ డ్రెస్సులు కుట్టే ఆర్ట్ దగ్గరికే పోతుంది. మొగుడి మీద అనుమానాన్ని ఆమె ఒక్కతే మోస్తూ ఇంట్లో తిరుగుతుంటే, సూపర్ హీరో కథ కాస్తా సంసారం కథ అయిపోయింది.

ఇంకొకటి, మొదటి సీజన్ ఆఖరి ఎపిసోడ్‌లో ఆ ట్రైన్ సీన్ కామిక్‌లో లేనే లేదు. వచ్చే ట్రైన్‌కి ఎదురుగా మార్క్‌ని పట్టుకుని నిలబెడతాడు నోలన్. పిల్లాడి ఒంటికి ఏం కాదు, లోపలున్న జనమే అతనికి తగిలి ముక్కలైపోతారు. "ఈ మనుషులు నీ ముందు ఎంత" అని నోలన్ నోటితో చెప్పేది అక్కడ కొడుకు ఒంటితోనే చూపించాడు. కొత్తది పెట్టినా కథలో ఉన్న మాటే ఇంకా గట్టిగా చెప్పారు.

ఒంగోలు లెక్కల టీచర్:
కార్ల్ విషయంలో నీ బాధ నాదీ, కానీ నటుల్ని పెట్టి తీసేవాళ్ల కష్టం కూడా చూడాలి నాయనా. కామిక్‌లో పిల్లాడి వయసు రాసేవాడి చేతిలో ఉంటుంది. సిరీస్ 2010లో మొదలైనప్పుడు కార్ల్‌గా వేసిన చాండ్లర్ రిగ్స్‌కి పదకొండేళ్లు, కథ నెమ్మదిగా నడుస్తుంటే అతను మాత్రం ఏటికేడు ఎదిగిపోయాడు. అయినా చంపాల్సిన పనిలేదు, అది నేనూ ఒప్పుకోను. పైగా చంపి ఏం చేశారు? శత్రువుల గుంపులోంచి వచ్చే అమ్మాయి లిడియాతో కార్ల్‌కి రావాల్సిన కథని తొమ్మిదో సీజన్‌లో హెన్రీ అనే ఇంకో కుర్రాడికి అంటగట్టారు. కార్ల్‌ని మనం ఎనిమిది సీజన్లు పెంచుకున్నాం, ఈ హెన్రీ మీద మనకి ఆ ప్రేమ ఎక్కణ్ణుంచి వస్తుంది? కథ ఉంది, మోసేవాడు లేడు.

డారిల్ కామిక్‌లో లేనే లేడు, అతన్ని సిరీస్ కోసమే పుట్టించారు, అయినా జనం నెత్తిన పెట్టుకున్నారు. కొత్త మనిషిని తెస్తే ఎవరూ కాదనరు, ఉన్నవాణ్ణి పీకేసి ఆ చోట ఇంకొకరిని కూర్చోబెడితేనే గొడవ.

చీమకుర్తి బ్యాట్‌మన్:
టీచర్ గారూ, సరిగ్గా చెప్పారు. చెడ్డ సూపర్ హీరోల మీద బుచర్ అనేవాడి ముఠా తిరగబడే ద బాయ్స్ కూడా కలుపుకోండి, అదీ కామిక్ నుంచి వచ్చిన సిరీసే. కామిక్‌లో బుచర్ మనుషులకి కూడా కాంపౌండ్ వి అనే మందు వల్ల దాదాపు మొదట్నుంచీ శక్తులుంటాయి. సిరీస్‌లో మొదట వీళ్లలో దాదాపు అందరూ మామూలు మనుషులే, ఆ సూపర్ హీరోల నాయకుడు హోమ్‌లాండర్ చూపు తగిలితే కాలిపోతారు. అందుకే అతను గదిలోకొచ్చి ఊరికే నవ్వినా మనకి చెమటలు పడతాయి.

నా లెక్కలో మార్చి తీయడంలో 1992 బ్యాట్‌మన్ కార్టూన్‌ని మించింది ఇప్పటికీ లేదు. అంతకుముందు మిస్టర్ ఫ్రీజ్ అంటే మంచు తుపాకీ పట్టుకు తిరిగే మామూలు విలన్. పాల్ డీని, బ్రూస్ టిమ్ కలిసి అతనికి జబ్బుపడ్డ భార్య నోరాని ఇచ్చారు. తర్వాత కామిక్స్ వాళ్లే ఆ కథని తీసుకున్నారు. హార్లీ క్విన్ కూడా అంతే, ముందు ఆ కార్టూన్‌లో పుట్టి ఆ తర్వాతే కామిక్స్‌లోకి పోయింది.

కావలి కామిక్స్:
ఫ్రీజ్ మాట బాగా గుర్తుచేశావు బ్రో, ఆ ఎపిసోడ్ మా వాళ్ల చేత ఈ ఆదివారమే చూపిస్తా. టీచర్ గారూ, మీరు హెన్రీ గురించి చెప్పింది నేను ఆ వైపు నుంచి ఆలోచించలేదు, కానీ రిగ్స్ ఎదిగిపోవడం మాత్రం నాకు కారణంగా కనపడట్లేదు, కామిక్ చివర్లో కార్ల్ పెద్దవాడే కదా, ఎదిగినవాణ్ణి అట్లే ఉంచుకుని ఆ ముగింపుకి చక్కగా తీసుకుపోవచ్చు. నైట్‌డ్యూటీ అన్నా, నీకు ఇన్విన్సిబుల్ కామిక్ కావాలంటే మొదటి రెండు పుస్తకాలు నా దగ్గరున్నాయి, ఈసారి కావలి వైపు వస్తే చెప్పు, ఇస్తా.