చిన్న బట్టల కొట్టు: ఉన్న సరుకే నమ్ముకోవాలా, రకాలు పెంచాలా?

చైతన్యపురి_కుర్తీలు:
చైతన్యపురిలో ఒక గల్లీలో మాది పది బై పద్నాలుగు షాపు. నాలుగేళ్లుగా కుర్తీలు, లెగ్గింగులు, చున్నీలు, అంతే. శ్రావణం నుంచి దసరా దాకా ఊపిరాడదు. మూఢం వచ్చిందంటే సాయంత్రం ఆరింటికి బోణీ అయిన రోజులు కూడా ఉన్నాయి. మావారేమో పిల్లల బట్టలు, మగవాళ్ల టీషర్టులు, వన్‌గ్రామ్ నగలు కూడా పెడదాం, ఏదో ఒకటి ఆడుతుంది అంటున్నారు. మా అత్తయ్యేమో ఉన్న సరుకే అటకెక్కి కూర్చుంది, కొత్తది ఎక్కడ పెడతావ్ అంటున్నారు. చేతిలో ఉన్నది లక్షన్నర. పెట్టమంటారా, వద్దంటారా?

కోఠి_పాతకాపు:
వద్దమ్మా. ముప్పై ఏళ్లుగా ఈ వ్యాపారంలో ఉన్నా, ఈ తప్పు రెండుసార్లు చేశా. పిల్లల ఫ్రాకులే తీసుకో. సైజులు 16 నుంచి రెండేసి చొప్పున పెరుగుతూ పోతాయి. హైదరాబాద్ మదీనా బట్టల మార్కెట్లో నాకు సరుకిచ్చే హోల్‌సేల్ వాళ్లు సెట్టు విప్పరు. డిజైను నచ్చిందా, 22 నుంచి 32 దాకా ఆరు పీసులూ ఎత్తాల్సిందే. నడిమి సైజులు వారంలో పోతాయి. చివరివి రెండూ అట్టపెట్టెలో పడి ఉంటాయి. నలభై డిజైన్లు తెస్తే ఎనభై పీసులు మిగిలాయి. లాభమంతా ఆ పెట్టెలోనే! చివరికి ఆషాఢం డిస్కౌంటని బోర్డు పెట్టి కొన్న ధరకన్నా తక్కువకే వదిలించుకున్నా.

కూకట్‌పల్లి_మ్యాచింగ్:
అన్నా, పిల్లల బట్టల వరకు మీ మాట ఒప్పుకుంటా. రకాలు పెంచడమే తప్పంటే మాత్రం ఒప్పుకోను. మాది చీరల కొట్టు. 2020లో లాక్‌డౌన్ ఎత్తేశాక పట్టుచీర అడిగే నాథుడు లేడు. ఒక మూల పడేసిన నైటీలే ఆ ఏడు అద్దె కట్టాయి. ఆ తర్వాత లంగాలు, లైనింగ్ గుడ్డ, జాకెట్ ముక్కలు పెట్టాం, చీర అంచు కుట్టే పీకో మిషన్ కొన్నాం. ఫాల్, పీకో కలిపి 120 తీసుకుంటాం. కుట్టేవాళ్ల కూలీ పోతే అందులో మాకు మిగిలేది చాయ్ ఖర్చు. కానీ చీర ఇచ్చి వెళ్లినామె దాన్ని తీసుకోవడానికి మళ్లీ రావాలి కదా! చీటీ చూపిస్తూనే కళ్లు అరల మీదికి పోతాయి. మొన్న ఒకామె మూడు చీరలకు ఫాల్ వేయించుకోవడానికి ఇచ్చింది, తీసుకెళ్లడానికి వచ్చి రెండు లంగాలు, ఆడపడుచుకో చీర పట్టుకెళ్లింది. లంగాలకి సైజుల గోల కూడా పెద్దగా ఉండదు, రంగులుంటే చాలు.

కోఠి_పాతకాపు:
నువ్వు పెట్టింది కొత్త సరుకు కాదు తల్లీ, చీరకి తోకలు.

కూకట్‌పల్లి_మ్యాచింగ్:
తోకలైతే ఏంటన్నా, గల్లాపెట్టె నిండుతోందా లేదా?

నారాయణగూడ_లెక్కలు:
పన్ను సంగతి ఎవరూ ఎత్తలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి పీసు 2,500 రూపాయల దాకా ఉన్న రెడీమేడ్‌కి జీఎస్టీ 5 శాతం, దాటితే 18. అంతకుముందు 1,000 దాటితే 12 పడేది. అంటే 1,400 కుర్తీ మీద భారం తగ్గింది. కొత్త సరుకు వెతికే ముందు కుర్తీల్లోనే ఒక మెట్టు పైరకం పెట్టొచ్చేమో చూడండి. మీరు కాంపోజిషన్‌లో, అంటే చిన్న వ్యాపారులకి ఉన్న జీఎస్టీ స్కీములో ఉంటే నగలు అమ్మినా కుర్తీలు అమ్మినా అమ్మకం మీద 1 శాతమే, రేట్ల తలనొప్పి లేదు. కాకపోతే కొన్నప్పుడు కట్టిన పన్ను వెనక్కి రాదు, వేరే రాష్ట్రానికి పంపి అమ్మకూడదు. ఇన్‌స్టాలో బెంగళూరు నుంచి ఆర్డర్ వచ్చిందని సంబరపడి పార్సిల్ కట్టకండి.

అమీర్‌పేట_హాస్టల్:
నేను కొట్టు నడపను, కొంటాను. అక్కా, టీషర్టులు మాత్రం పెట్టకండి. మీ షాపంత చిన్నదే మా హాస్టల్ కింద ఒకటి ఉంది. పరదా వెనకే ట్రయల్ రూమ్. ఆయన మగవాళ్ల షార్టులు, టీషర్టులు పెట్టాక సాయంత్రాలు అబ్బాయిలు కౌంటర్ దగ్గర నిలబడుతున్నారు. పరదా వెనక్కి వెళ్లాలంటే టెన్షన్. మేం నలుగురం అక్కడికి వెళ్లడం మానేశాం. ఆయనకి ఎందుకో తెలీదు, మేమూ చెప్పలేదు.

కోఠి_పాతకాపు:
ఈ అమ్మాయి చెప్పింది నాకూ తట్టలేదు. చైతన్యపురి చెల్లెమ్మా, ఒక పని చెయ్యి. గల్లా పక్కన నోటుబుక్కు పెట్టుకో. ఏమీ కొనకుండా వెళ్లిన ప్రతి మనిషీ ఏం అడిగిందో రాయి. కొన్నవాళ్ల లెక్క బిల్లుబుక్కులో ఎలాగూ ఉంటుంది.

చైతన్యపురి_కుర్తీలు:
తొమ్మిది రోజులు రాశా. కొనకుండా వెళ్లినవాళ్లు 31 మంది. అందులో 13 మంది అడిగింది త్రీ ఎక్సెల్, ఫోర్ ఎక్సెల్. మా దగ్గర డబుల్ ఎక్సెల్‌తో ఆగిపోతుంది. ఏడుగురు లెగ్గింగులో లేని రంగు అడిగారు, అందులో నలుగురు ఒకటే రంగు, మస్టర్డ్. నలుగురు నైటీ. ఇద్దరు పాపకి ఫ్రాకు. మిగతా ఐదుగురు వాన పడుతుంటే లోపలికొచ్చారు. నగలు, టీషర్టులు ఒక్కరూ అడగలేదు. ఈ లెక్క మావారికి చూపిస్తే, "టీషర్టులే అమ్మని కొట్లో టీషర్టు ఎవరడుగుతారే?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు, నిజమే కదా.

కూకట్‌పల్లి_మ్యాచింగ్:
మీవారి మాటలో విషయం ఉంది. మా దగ్గర పీకో అడిగినవాళ్లూ లేరు, మిషన్ కనబడ్డాకే అడిగారు. నైటీలు ఓ ఇరవై తెచ్చి గుమ్మం దగ్గర వేలాడదీసి చూడండి, అడిగేవాళ్లు ఎంతమందో తెలుస్తుంది.

కోఠి_పాతకాపు:
ఇరవైకి నేనూ సరే అంటా. ముందు ఆ పదమూడు మంది సంగతి చూడు.

చైతన్యపురి_కుర్తీలు:
సోమవారం మదీనా వెళ్తున్నా. పెద్ద సైజులు విడిగా ఇస్తారా అన్నా?

కోఠి_పాతకాపు:
విడిగా ఇవ్వరు. ఎక్సెల్ నుంచి మొదలయ్యే సెట్టు ఉందా అని అడుగు. పొద్దున్నే వెళ్లు, రద్దీ పెరిగాక చిల్లర గిరాకీని ఎవరూ పట్టించుకోరు. మస్టర్డ్ లెగ్గింగు మర్చిపోకు.