వర్చువల్ పియానో, బేస్‌లతో జాజ్ స్టాండర్డ్: వాకింగ్ బేస్‌లో జీవం ఎలా వస్తుంది?

ప్రశ్న (తిరుపతి): భవానీ నగర్‌లోని మా ఇంట్లో మిడి కీబోర్డుతో (కంప్యూటర్‌లోని వర్చువల్ వాద్యాలను మోగించే కీబోర్డు) 32 బార్ల (తాళ ఆవర్తనాల) జాజ్ స్టాండర్డ్ (జాజ్ కళాకారులు తరచూ వాయించే ప్రసిద్ధ పాట) ఒకటి నిమిషానికి 130 బీట్ల వేగంతో రికార్డు చేస్తున్నాను. స్వరాలు సరిగానే ఉన్నా వాకింగ్ బేస్ (బీటుకో స్వరంగా నడిచే మంద్ర స్వరాల వరుస) యంత్రంలా నడుస్తోంది. పైగా పియానో ఎడమచేతి స్వరాలు దానితో కలిసి గజిబిజిగా వినిపిస్తున్నాయి. పెద్దలు దారి చూపగలరా?

జవాబు (చిత్తూరు): ముందుగా నూరు శాతం క్వాంటైజ్ (స్వరాలను కచ్చితంగా బీటు గీతలకు అతికించే సర్దుబాటు) తీసివేయండి. వాకింగ్ బేస్‌లో సాధారణంగా ఒకసారి ఒకే స్వరం మోగుతుంది కనుక, ఒక స్వరం తోక తరువాతి దానిపై పడకుండా, అలాగని మధ్యలో ఖాళీ రాకుండా నోట్ల పొడవు సరిచేయాలి. 2, 4 బీట్లకు వెలాసిటీ (మీట నొక్కే బలం) కాస్త పెంచండి. సి కార్డుకు (సి ఆధారంగా కలిసి మోగే స్వరాల గుంపుకు) చేరే ముందు నాలుగో బీటులో బి గానీ డి ఫ్లాట్ గానీ వేసి చూడండి, లైను తనంతట తానే ముందుకు లాగుతుంది.

మరో జవాబు (తిరుపతి): గజిబిజికి కారణం ఎడమచేతిలోని రూట్ (కార్డుకు ఆధారమైన) స్వరమే. దానిని బేస్‌కు వదిలి, మధ్య సి పరిసరాల్లో మూడవ, ఏడవ స్వరాలు మాత్రమే పట్టండి: డి మైనర్ 7కు ఎఫ్, సి, జి 7కు ఎఫ్, బి. ఒక్క వేలు సి నుంచి బికి అర స్వరం జరిగితే చాలు, ఎంత అందమైన కదలికో!

ప్రశ్న అడిగినవారు: మరి స్వింగ్ (బీటులోని రెండు స్వరాల్లో మొదటిదానికి, రెండవదానికి ఉండే నిడివి నిష్పత్తి) శాతం ఎంత ఉంచాలి?

జవాబు (చిత్తూరు): ఈ వేగానికి 2:1 దగ్గర మొదలుపెట్టండి, అంటే మన తిశ్ర నడకలో మొదటి రెండు భాగాలు కలిపినట్టు. వేగం పెరిగేకొద్దీ దానిని సమానం వైపు తగ్గించాలి.