నెల్లూరు ఎండల్లో రెడ్ మేపుల్ బతుకుతుందా?

కావలి మేడతోట: ఆన్‌లైన్‌లో రెడ్ మేపుల్ మొక్కలు, విత్తనాలు అమ్ముతున్నారు. ఇంటి ముందు ఒకటి పెట్టాలని ఉంది. పెరగదని ఇక్కడ చాలామంది కొట్టిపారేస్తున్నారు. కానీ అది అమెరికాలో ఫ్లోరిడా దాకా అడవుల్లో పెరిగే చెట్టే కదా? అక్కడా ఎండలు, ఉక్కపోతే. మన దగ్గర ఎందుకు పెరగదు?

ఒంగోలు మామిడితోట: ఫ్లోరిడా మాట నిజమే అన్నా. కానీ అక్కడ చలికాలంలో చలిగాలులు దిగుతాయి, వానలు ఎండాకాలంలోనే పడతాయి. మనకు మే నెలంతా పొడి పడమటి గాలి, 40 దాటిన ఎండ. అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. నెల్లూరులో జనవరి రాత్రి కూడా 20 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఆ చెట్టుకు చలికి ఆకు రాల్చి కొన్నాళ్లు నిద్రపోవడం అలవాటు. ఆ చలి తగలకపోతే చిగురు సరిగా రాదు. క్షారం ఎక్కువున్న నేలైతే మాంగనీసు అందక ఆకు పసుపు తిరుగుతుంది.

గూడూరు టీచర్: ముందు మీరు కొనేది మేపులేనా అని చూడండి. మా వీధిలో ఒకరింట్లో రెడ్ మేపుల్ అని కొన్న మొక్కను దగ్గరగా చూశాను. ఆకు చేతివేళ్లు చాపినట్టే ఉంది, ముదురు ఎరుపు. కానీ ఆకులు కొమ్మకు ఒకటి ఇటు, ఒకటి అటు వస్తున్నాయి. మేపుల్‌కైతే జంటగా, ఎదురెదురుగా రావాలి. ఆకు పుల్లగా ఉందని ఆ ఇంటావిడే చెప్పింది. అది గోంగూర జాతిలోని ఎర్రాకు మొక్క! అసలు రెడ్ మేపుల్ ఆకు వేసవిలో పచ్చగానే ఉంటుంది. పైన పచ్చన, అడుగున తెల్లన, అంచు రంపంలా, కాడ ఎర్రగా. ఆకు ఎర్రబడేది చలికాలం ముందు. విత్తనాలు కూడా వసంతంలో రాలి, చాలావరకు వెంటనే మొలిచేవి. ఎండబెట్టి ప్యాకెట్లో అమ్మేవాటి మీద నాకు నమ్మకం లేదు.

కావలి మేడతోట: కుండీలో పెట్టి షేడ్‌నెట్ కింద ఉంచితేనో?

ఒంగోలు మామిడితోట: నెట్ ఎండను ఆపుతుంది, చలిని తెచ్చిపెట్టదు కదా. ఎర్రాకే ముఖ్యమైతే మన బాదం చెట్టు పెట్టండి. రాలే ముందు ఆకు ఎర్రగా మండిపోతుంది, ఉప్పుగాలికి తట్టుకుంటుంది, నీడకు నీడ.

కావలి మేడతోట: మా సందులో బాదం పెడితే కొమ్మలు కరెంటు తీగల్లోకి పోతాయి, రాలిన ఆకు ఊడ్చలేక చావాలి. కుండీలో ఒక మేపుల్ పెట్టి చూస్తాను. టీచర్ గారు చెప్పినట్టు ఆకులు ఎదురెదురుగా ఉన్న ఫొటో పంపితేనే డబ్బు కడతా.