మనిషి బుర్రకి డిడక్షన్ వచ్చా, లేక అంతా ఇండక్షనేనా?

సందేహి:
డిడక్షన్ అంటే ఇచ్చిన రూల్ నుంచి తప్పనిసరిగా వచ్చేది తేల్చడం, ఇండక్షన్ అంటే చూసిన కొన్నిటిని బట్టి మొత్తానికి ఊహించడం. డిడక్షన్ నా వరకు రాదనే అంటాను. 1966లో సైకాలజిస్ట్ పీటర్ వేసన్ పెట్టిన కార్డుల పరీక్ష చూడండి. మన అక్షరాల్లో చెప్పుకుంటే బల్ల మీద అ, క, 4, 7 అని నాలుగు కార్డులున్నాయి, ప్రతిదానికి ఒకపక్క అక్షరం, ఇంకోపక్క అంకె. "ఒకపక్క అచ్చు ఉంటే రెండోపక్క సరిసంఖ్య ఉంటుంది" అనే రూల్ నిజమో కాదో తేల్చాలంటే ఏవి తిప్పాలి? అ, 7. 7 వెనక అచ్చు ఉంటే రూల్ తప్పినట్టే కదా. ఎక్కువమంది అ, 4 అంటారు, లేదా ఒక్క అ తో ఆపేస్తారు. 4 వెనక హల్లు ఉన్నా రూల్‌కి వచ్చిన నష్టం ఏం లేదు కదా. సరిగ్గా చెప్పేవాళ్ళు మామూలుగా నూటికి పదిమంది కూడా ఉండరు.

తర్కంబాబాయ్:
ఇది అందరూ చెప్పేదే, తర్వాత జరిగింది కూడా చెప్పాలిగా. 1982లో గ్రిగ్స్, కాక్స్ అనే పరిశోధకులు అదే లెక్కని "బీర్ తాగుతుంటే వయసు 19 దాటి ఉండాలి" అని మార్చి ఇచ్చారు, కార్డులు బీర్, కోక్, 22, 16. నూటికి డెబ్బైమందికి పైగా బీర్, 16 అని టక్కున చెప్పేశారు. రాకపోతే అక్కడ ఎలా వచ్చిందండీ?

సందేహి:
బాబాయ్ అది వేరే ప్రశ్న. అక్కడ రూల్ నిజమా అని ఎవరూ అడగలేదు, ఎవడు తప్పాడో పట్టుకోమన్నారు, దొంగని పట్టుకోవడం మనకి బాగానే వచ్చు, దాన్ని తీసుకెళ్ళి డిడక్షన్ ఖాతాలో రాస్తే ఎలా.

వెన్నెల_22:
4 తిప్పడం అంత తెలివితక్కువ పనేం కాదు అసలు. ఫలానా మాత్ర వేసుకుంటే తలనొప్పి వస్తుందా అని చూడాలంటే మాత్ర వేసుకున్నవాళ్ళని, తలనొప్పి ఉన్నవాళ్ళని అడుగుతాం గానీ తలనొప్పి లేని ఊరందర్నీ పట్టుకుని మాత్ర వేసుకున్నారా అని అడగం కదా. ఓక్స్‌ఫర్డ్, చేటర్ అనే పరిశోధకులు 1994లో ఇదే వాదించారు, జనం అక్కడ చేస్తున్నది మంచి ఇండక్షనే అని.

సందేహి:
కానీ రూల్ ఆ నాలుగు కార్డులకే అని ముందే చెప్తారండీ, ఊరంతా ఎక్కడుంది అక్కడ?

వెన్నెల_22:
చెప్పినంత మాత్రాన రోజూ ఉండే అలవాటు పోతుందా 🙂

తర్కంబాబాయ్:
సరే, అ కార్డు దాదాపు అందరూ తిప్పుతున్నారుగా? "అది ఉంటే ఇది, అది ఉంది, కాబట్టి ఇది" అన్నది డిడక్షన్ కాదా? దాన్ని ఎవరూ లెక్కలోకే తీసుకోరేం.

సందేహి:
తీసుకుందాం. ఇప్పుడు రూల్‌ని "అచ్చు ఉంటే రెండోపక్క 4 ఉండదు" అని మార్చండి. ఇప్పుడు తిప్పాల్సినవి అ, 4. ఎక్కువమంది కరెక్ట్‌గా చెప్పేస్తారు! రూల్‌లో "కాదు" చేరితే లాజిక్ కష్టమవ్వాలి గానీ సులువవ్వడమేంటి? సైకాలజిస్ట్ జొనాథన్ ఎవాన్స్ 1970ల్లోనే చూపించింది ఇదే, రూల్‌లో వినపడిన పేరు మీదే చెయ్యి పడుతుంది. అందుకే మీ అ కార్డు మీద నాకు నమ్మకం లేదు, వెన్నెల గారి ఇండక్షన్ మీద కూడా అంతే.

వెన్నెల_22:
"4 ఉండదు" అంటే అందరి కళ్ళూ 4 మీదకే పోతాయి, ఎందుకంటే కాదు అని ఊరికే ఎవరూ అనరు, ఉంటుందేమో అని అనుమానం ఉన్నచోటే అంటారు. దీన్నీ నేను చెప్పిన ఆ 1994 వాళ్ళ లెక్కతో చెప్పొచ్చు, "4 లేనివి" అంటే బోలెడు, 4 ఉన్నవి కొన్నే, ఆ కొన్నిటిని తిప్పితేనే ఏదైనా తెలిసేది. మీరు చూపించింది మా వాదనకే పనికొస్తుంది.

సందేహి:
ఏది చూపించినా మీ వాదనకే పనికొస్తే, అసలు ఏం చూపిస్తే మీరు కాదంటారో అది చెప్పండి ముందు.