దగ్గు, జలుబుకు యాంటీబయాటిక్: ఇన్సూరెన్స్‌ను బట్టి చీటీ మారుతోందా?

హన్మకొండ_నాన్న: పాపకు మూడేళ్లు. ముక్కు కారడం, దగ్గు, కొద్దిగా జ్వరం. డెస్క్ దగ్గర మొదటి ప్రశ్నే "పాలసీ ఉందా?" ఓపీ అయితే డబ్బు మేమే కట్టాలట, అడ్మిట్ అయితే క్యాష్‌లెస్ అట. ఆ మాట అయ్యాకే సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ రాశారు. మీకూ ఇంతేనా? ఈఎస్ఐ, ఆరోగ్యశ్రీ వాళ్లు కూడా చెప్పండి.

పరకాల_పిల్ల: ఆరోగ్యశ్రీ 10 లక్షలకు పెంచారు, సంతోషమే. కానీ దగ్గుకు ఓపీ చీటీ అందులో రాదు. మా అమ్మ ఆర్ఎంపీ దగ్గరికి పోతుంది, లేదంటే సీదా మెడికల్ షాపుకే. చీటీ అడగకుండా అజిత్రో 500 (అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్) మూడు గోళీలు చేతిలో పెడతారు.

జమ్మికుంట_ఫార్మసీ: అన్నీ షాపుల మీదే వేయకండి. 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 ఉంది, అంటే అమ్మకం వివరాలు రిజిస్టర్‌లో రాయాల్సిన మందుల జాబితా. సెఫిక్సిమ్ లాంటి యాంటీబయాటిక్ అమ్మితే పేషెంట్ పేరు, డాక్టర్ పేరు రిజిస్టర్‌లో రాస్తున్నాం.

పరకాల_పిల్ల: నేను చెప్పింది అజిత్రో గురించి. అది హెచ్1లో లేదు కదా?

జమ్మికుంట_ఫార్మసీ: లేదు. అందుకే రిజిస్టర్ అక్కర్లేదు.

పరకాల_పిల్ల: రిజిస్టర్ అక్కర్లేదు సరే, అది షెడ్యూల్ హెచ్‌లో (డాక్టర్ చీటీ మీదే అమ్మాల్సిన మందుల జాబితా) ఉంది కదా, చీటీ కూడా అక్కర్లేదా? స్ట్రిప్ మీద ఎర్ర గీత ఎందుకుంది మరి?

జమ్మికుంట_ఫార్మసీ: చీటీ అడిగితే పక్క షాపుకు పోతారు. మా కిరాయి మీరు కడతారా?

కేఎంసీ_పాత_బ్యాచ్: ఇద్దరూ ఆగండి. ఛాతీ ఓపీలోనే నా సర్వీసంతా గడిచింది. మామూలు జలుబు వైరస్ వల్ల వస్తుంది, దానికి ఏ యాంటీబయాటిక్ పని చేయదు. దగ్గు రెండు మూడు వారాలు సాగడం మామూలే. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు నిమిషానికి 40 లేదా అంతకంటే ఎక్కువ శ్వాసలు వస్తున్నా, డొక్కలు లోపలికి పోతున్నా న్యుమోనియా అని అనుమానించాలి. పరిస్థితి విషమించకపోతే దానికీ ముందు వాడేది అమోక్సిసిలిన్ సిరప్పే. బ్రిటన్‌లో జీపీకి (జనం ముందుగా వెళ్లే ఫ్యామిలీ డాక్టర్) ప్రధానంగా తన దగ్గర నమోదైన మనుషుల లెక్కన డబ్బు వస్తుంది. పేషెంట్ మళ్లీ వచ్చినంత మాత్రాన ఆదాయం పెరగదు. మన దగ్గర విజిట్‌కు ఇంత, బెడ్‌కు ఇంత. చాలా పాలసీలకు 24 గంటల అడ్మిషన్ ఉండాలి. బెడ్ ఎక్కించాక ఊరికే గమనించి పంపితే క్లెయిమ్‌లో ప్రశ్నలు వస్తాయి, అందుకని ఇంజెక్షన్ ఎక్కుతుంది.

మంచిర్యాల_మామ: వ్యక్తిగత హెల్త్ పాలసీల ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి తీసేశారు. రెన్యువల్‌లో ఎవరికైనా నిజంగా తగ్గిందా?

గోదావరిఖని_షిఫ్ట్: మామా, అది వేరే పోస్ట్ పెట్టు. మా కంపెనీ ఆసుపత్రిలో డాక్టర్‌ది జీతం, మాకు మందు ఉచితం. అయినా యాంటీబయాటిక్ రాస్తారు, బయట క్యూ అంత పొడుగుంటుంది మరి. వద్దని నచ్చజెప్పే టైమ్ ఎక్కడిది? డబ్బు ఒక్కటే కాదు డాక్టర్ సాబ్.

కేఎంసీ_పాత_బ్యాచ్: ఒప్పుకుంటా. మంచి మందు రాయలేదని కోప్పడి వెళ్లిపోయేవాళ్లనూ చూశాను.

హన్మకొండ_నాన్న: సార్, శ్వాస ఎలా లెక్కపెట్టాలి? ఇంకా అడ్మిట్ చేయలేదు.

కేఎంసీ_పాత_బ్యాచ్: ఏడవనప్పుడు, చొక్కా పైకి తీసి, పొట్ట కదలిక చూస్తూ పూర్తి నిమిషం లెక్కపెట్టండి. పాలు, నీళ్లు తాగుతోందా? తాగకపోయినా, మత్తుగా ఉన్నా పాలసీ సంగతి పక్కనపెట్టి వెంటనే అడ్మిట్ చేయండి.

జమ్మికుంట_ఫార్మసీ: పరకాల మేడం, కిరాయి సంగతికి జవాబు రాలేదు.