మైపాడు తీరంలో ల్యాబుకి సముద్రపు నీళ్లు: ఇసుక బావి మేలా, నేరుగా పైపు మేలా?

నెల్లూరు జిల్లా మైపాడు వైపు విశ్వవిద్యాలయ సముద్ర పరిశోధన కేంద్రానికి ఇరవై ఏళ్ల ప్రణాళిక రాస్తున్నాం. భవనం సంగతి తేలికే: 2019 సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నోటిఫికేషన్ ప్రకారం జనసాంద్రత తక్కువున్న గ్రామీణ తీరంలో పోటు గీత (పోటు నీళ్లు చేరే హద్దు) నుంచి 200 మీటర్లు వదలాలి. చిక్కంతా నీళ్ల దగ్గరే.

రోజుకు 40 వేల లీటర్లు కావాలి. సముద్రంలోకి నేరుగా పైపు వేస్తే తుపానుకి ఇసుక మేట వేస్తుంది, లోపలి గోడలకు బార్నకిల్స్ (అతుక్కుని పెరిగే పెంకు జీవులు) పట్టేస్తాయి. జంట పైపులు వేసి వారానికొకటి మూస్తే లోపల ఆక్సిజన్ అయిపోయి బార్నకిల్స్ చస్తాయి. కానీ మళ్లీ తెరిచినప్పుడు వచ్చే మొదటి నీళ్లు కుళ్లుకంపు, ట్యాంకుల్లోకి అస్సలు పోనివ్వకూడదు. ఒడ్డున ఇసుక బావి తవ్వితే నీళ్లు వడకట్టుకునే వస్తాయి గానీ వాటిలో ఇనుము, హైడ్రోజన్ సల్ఫైడ్ ఉండొచ్చు. గాలి పట్టించగానే ఇనుము తుప్పురంగు మడ్డిగా దిగుతుంది, దానికి విడిగా తొట్టి కట్టాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇంకో ఇబ్బంది. పెన్నా వరదతో పాటు, దక్షిణానికి పారే తీరప్రవాహం పైనున్న నదుల మంచినీళ్లనూ మోసుకొస్తుంది, ఉప్పదనం పడిపోతుంది. అందుకే పదిరోజులకు సరిపడా 4 లక్షల లీటర్ల నిల్వ అనుకుంటున్నాం. పంపులో ఇత్తడి, కంచు వద్దనుకున్నాం, వాటిలోని రాగి నీళ్లలోకి దిగితే లార్వాలు (గుడ్డు నుంచి వచ్చిన పిల్లలు) బతకవు.

కొత్తపట్నం, రామాయపట్నం వైపు రొయ్య హ్యాచరీలు నడిపేవారు దయచేసి చెప్పండి: బావి ఎన్ని అడుగులు, ఎన్నేళ్లకు పూడింది, వానల్లో ఉప్పదనం ఎంతకు దిగింది? పది రోజుల నిల్వ చాలుతుందా?