ఒకే ల్యాబ్‌ల జావా 11, 17 రెండూ కావాలె: సుడో (అడ్మిన్ అధికారం) ఇయ్యకుండ పిల్లలే ఎంచుకునేటట్టు ఎట్ల?

హనుమకొండ_ల్యాబ్:
ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్, 60 సిస్టమ్స్, అన్నిట్ల ఉబుంటు 22.04. థర్డ్ ఇయర్ సిలబస్ జావా 11 మీద ఉన్నది, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులకు 17 కావాలె, ఇంకో బ్యాచ్ పైథాన్ 3.11 అడుగుతున్నది. రెండు జేడీకేలు (జావా కిట్లు) ఏపీటీతోనే (ఉబుంటు ప్యాకేజీ టూల్) ఎక్కించినం. అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్‌తోని (డిఫాల్ట్ వెర్షన్ మార్చే కమాండ్) పొద్దున 11 పెడితే మధ్యాహ్నం బ్యాచ్‌కు మళ్ల మార్చాలె. ఎవలకు కావాల్సింది వాళ్లే పెట్టుకోవాలె గని సుడో ఇయ్యలేం. సగం సిస్టమ్స్‌ల 4 జీబీ ర్యామే, డాకర్ (ప్రోగ్రాములను విడి డబ్బాలల్ల నడిపేది) మాట వద్దు. ఇంకోటి, 11కు మార్చినంక కూడ కొన్నిట్ల "క్లాస్ ఫైల్ వెర్షన్ 61.0" అని ఎర్రర్ వస్తున్నది. ఎందుకు?

కాజీపేట_రూట్:
సార్, ముందు ఎర్రర్ సంగతి. 61 అంటే జావా 17తో కంపైల్ అయిన ఫైల్. జావా 11 చదవగలిగేది 55 వరకే. ఆల్టర్నేటివ్స్‌లో "జావా" (ప్రోగ్రామ్ నడిపేది) వేరు, "జావాసీ" (కంపైలర్) వేరు. మొదటిది మాత్రమే మారిస్తే కంపైలర్ 17 దగ్గరే ఉండిపోతుంది. రెండూ కలిపి మార్చడానికి వేరే కమాండ్ ఉంది:

సుడో అప్‌డేట్-జావా-ఆల్టర్నేటివ్స్ --సెట్ జావా-1.11.0-ఓపెన్‌జేడీకే-ఏఎండీ64

పేరు సరిగ్గా ఏమిటో --లిస్ట్‌తో చూసుకోండి. ఆటో మోడ్‌లో ప్రయారిటీ అంకె పెద్దదే గెలుస్తుంది: 11కి 1111, 17కి 1711, 21కి 2111. రేపు ఎవరో 21 ఎక్కిస్తే చడీచప్పుడు లేకుండా అదే డిఫాల్ట్ అవుతుంది. చేత్తో ఒకసారి సెట్ చేస్తే మాన్యువల్ మోడ్‌లోకి వెళ్తుంది, ఆ బెడద ఉండదు.

అయితే మీ అసలు సమస్యకు ఇది మందు కాదు. ఆల్టర్నేటివ్స్ ఎంపిక మొత్తం మెషీన్‌కు వర్తిస్తుంది, యూజర్‌కు కాదు. మీకు కావాల్సింది ఎన్విరాన్‌మెంట్-మాడ్యూల్స్ ప్యాకేజీ. ఏ వెర్షన్ కావాలో ప్రతి యూజరూ తన టెర్మినల్ వరకు ఎంచుకునేలా చేస్తుంది, సూపర్‌కంప్యూటర్ సెంటర్లలో ఎప్పటినుంచో వాడుతున్నదే. ఏపీటీతో ఎక్కించి, /యూఎస్ఆర్/షేర్/మాడ్యూల్స్/మాడ్యూల్‌ఫైల్స్ కింద "జావా" అని ఫోల్డర్, అందులో "11", "17" అని రెండు ఫైళ్లు పెట్టండి. 11 ఫైల్‌లో ఇంతే:

#%మాడ్యూల్1.0
కాన్‌ఫ్లిక్ట్ జావా
సెట్ రూట్ /యూఎస్ఆర్/లిబ్/జేవీఎం/జావా-11-ఓపెన్‌జేడీకే-ఏఎండీ64
సెట్ఎన్వ్ జావా_హోమ్ $రూట్
ప్రీపెండ్-పాత్ పాత్ $రూట్/బిన్

మొదటి లైను లేకపోతే మాడ్యూల్ అసలు లోడ్ కాదు. జావా_హోమ్ లైను మర్చిపోవద్దు: మేవెన్ (జావా బిల్డ్ టూల్) ముందు దాన్నే చూస్తుంది, లేదంటే టెర్మినల్‌లో 11 కనిపిస్తూనే బిల్డ్ 17తో జరగవచ్చు. విద్యార్థి "మాడ్యూల్ లోడ్ జావా/11" అని కొడితే చాలు, సుడో అక్కర్లేదు. మధ్యలో మారాలంటే "మాడ్యూల్ స్విచ్ జావా/17". నేరుగా రెండోది లోడ్ చేయబోతే కాన్‌ఫ్లిక్ట్ లైను అడ్డుపడుతుంది. అది మంచికే.

టెర్మినల్_తమ్మి:
ఇంత లొల్లి ఎందుకన్నా, రాకీ లైనక్స్ 8 ఎక్కిస్తే డీఎన్ఎఫ్ (రాకీ ప్యాకేజీ టూల్) మాడ్యూల్స్ ఉంటయి కదా. స్ట్రీమ్ (వెర్షన్ లైను) ఎంచుకుంటే అయిపాయె.

కాజీపేట_రూట్:
పేరు ఒకటే గానీ పని వేరు తమ్మీ. డీఎన్ఎఫ్ మాడ్యూల్‌లో ఒకసారికి ఒక స్ట్రీమే ఎనేబుల్ అవుతుంది, అదీ సిస్టమ్ మొత్తానికి. రెండు పక్కపక్కన ఉండవు. ఫెడోరా 39లో ఆ పద్ధతినే తీసేశారు. డెబియన్, ఉబుంటుల్లో లాగా వెర్షన్ అంకె ప్యాకేజీ పేరులోనే ఉండటం నా లెక్కన మేలు. పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్) 14, 15 ఒకే మెషీన్‌లో 5432, 5433 పోర్టుల మీద నడిచేది అందుకే.

ఓరుగల్లు_పైథాన్:
పైథాన్ విషయంలో ఒక హెచ్చరిక. 22.04లో పైథాన్3 లింకును ఆల్టర్నేటివ్స్‌తో 3.11కి తిప్పకండి. ఏపీటీ_పీకేజీ లాంటి సిస్టమ్ మాడ్యూళ్లు 3.10 కోసమే కంపైల్ అయి ఉంటాయి. లింకు తిప్పితే గ్నోమ్ టెర్మినల్ కూడా తెరుచుకోదు, ఎందుకంటే దాన్ని లేపేది పైథాన్ స్క్రిప్టే. ఇప్పటికే తిప్పి ఉంటే కంట్రోల్+ఆల్ట్+ఎఫ్3 నొక్కి టెక్స్ట్ కన్సోల్‌లో లాగిన్ అయి:

సుడో అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ --రిమూవ్-ఆల్ పైథాన్3
సుడో ఎల్ఎన్ -ఎస్ఎఫ్ పైథాన్3.10 /యూఎస్ఆర్/బిన్/పైథాన్3

3.11 కావాల్సినవాళ్లకు పైథాన్3.11-వీఎన్వ్ (ప్రాజెక్టుకు విడి పైథాన్ ఫోల్డర్ చేసేది) ప్యాకేజీ ఎక్కించండి. వాళ్ల హోమ్ ఫోల్డర్‌లో "పైథాన్3.11 -ఎం వీఎన్వ్ ప్రాజెక్ట్" కొట్టుకుంటారు. ఆ ఫోల్డర్‌లోని పిప్ (పైథాన్ లైబ్రరీలు ఎక్కించేది) ఏది ఎక్కించినా దాన్ని దాటి బయటికి రాదు.

హనుమకొండ_ల్యాబ్:
మాడ్యూల్‌ఫైల్స్ పెట్టి ఒక సిస్టమ్‌ల చూసిన. ఎస్ఎస్‌హెచ్‌ల (వేరే సిస్టమ్ నుంచి లాగిన్ అయితే) మంచిగ నడుస్తున్నది. డెస్క్‌టాప్ టెర్మినల్‌ల "మాడ్యూల్: కమాండ్ నాట్ ఫౌండ్" అంటున్నది. ఎక్లిప్స్ (జావా కోడ్ రాసే సాఫ్ట్‌వేర్) ఏమో 17నే పట్టుకుంటున్నది.

కాజీపేట_రూట్:
/ఈటీసీ/ప్రొఫైల్.డీ లోని స్క్రిప్టులను లాగిన్ షెల్ (లాగిన్ అయినప్పుడు మొదలయ్యే కమాండ్ లైన్) మాత్రమే చదువుతుంది, డెస్క్‌టాప్ టెర్మినల్ తెరిచేది లాగిన్ షెల్ కాదు. /ఈటీసీ/బ్యాష్.బ్యాష్ఆర్‌సీ చివర ఈ లైను చేర్చండి:

. /ఈటీసీ/ప్రొఫైల్.డీ/మాడ్యూల్స్.ఎస్‌హెచ్

ఎక్లిప్స్‌ను ఐకాన్ మీద నొక్కి తెరిస్తే టెర్మినల్‌లో లోడ్ చేసిన మాడ్యూల్ దానికి తెలియదు. పాత ఎక్లిప్స్ అయితే (కొత్తవి సొంత జావాతో వస్తాయి) మాడ్యూల్ లోడ్ చేసిన టెర్మినల్‌లోంచే "ఎక్లిప్స్ &" అని లేపమనండి. లేదా ఎక్లిప్స్ సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్డ్ జేఆర్ఈల కింద రెండు జేడీకేలూ చేర్చి, ప్రాజెక్టుకొకటి ఎంచుకోవచ్చు. నన్నడిగితే ల్యాబ్‌కు రెండోదే నయం, ఐకాన్ నొక్కే అలవాటును ఎవరూ మాన్పించలేరు.